ఆది చొక్కా

మా స్కూలు స్టోర్సులో కొత్తగా చేరిన పిల్లలిద్దరు మొన్న మా ఇంటికి వచ్చినారు. "మేడమ్, రిటైరయ్యేదాకా యూనిఫారాలన్నీ మీరే చూసుకున్నారంట గదా. ఏ సప్లయరు మంచోడో చెప్పండి" అని అడిగినారు. నేనేదో గుట్టు విప్పుతానని ఆ అమ్మాయి పెన్ను కూడా తీసింది, పాపం. "పెన్ను లోపల పెట్టు తల్లీ. ముందు ఈ మాట చెప్పండి. చిన్నప్పుడు మీ అమ్మ కుట్టించిన చొక్కా మీకు ఎప్పుడైనా సరిపోయిందా?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వినారు. ఆరో తరగతిలో కుట్టించిన చొక్కా తొమ్మిదో తరగతిలో సరిపోయిందని ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. "అది తెలిస్తే సగం ఉద్యోగం వచ్చేసినట్టే నాయనా" అని, మిగతా సగం వాళ్ళకి కాఫీ తాగుతూ చెప్పినాను. అదే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు. అందరూ బతికే ఉన్నారు, అందరికీ కోపాలూ ఉన్నాయి.

మా స్కూలు హైవే పక్కన. కొన్ని బస్సులు పులికాట్ ఒడ్డు ఊళ్ళనుంచి చేపలు పట్టేవాళ్ళ పిల్లల్ని తెచ్చేవి. కొన్ని దొరవారిసత్రం పక్క ఊళ్ళనుంచి మా బోటి వరి రైతుల పిల్లల్ని తెచ్చేవి. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు అందరూ గ్రౌండులోకొచ్చి మెడలు నొప్పెట్టేదాకా పైకి చూసి, మళ్ళీ లోపలికి పోయి ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళు. నేను స్టోర్సు ఇంఛార్జిని. సుద్దముక్కలు, బెంచీల మేకులు, వాలీబాల్ నెట్టు, అన్నీ నా తాళంచెవి కిందే. యూనిఫారాలూ నా నెత్తినే.

ఆ యూనిఫారాల్ని మొదట్నుంచీ బస్టాండు వెనక సందులో కుట్టుపని చేసే ఆడవాళ్ళే కుట్టేవాళ్ళు. గుడ్డ మేము కొనిచ్చేవాళ్ళం, కుట్టు వాళ్ళది. వాళ్ళకి పెద్ద ఒకామె ఉండేది. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇంట పుట్టిన పిల్ల. నోరు చాలా పెద్దది. "రేపిచ్చేస్తా అక్కా" అన్నదంటే వచ్చేవారం అని మనమే అర్థం చేసుకోవాలి. కాజాలు వంకరగా ఉన్నాయని నేనంటే, నా కళ్ళద్దాలు మార్చుకోమనేది. ఆమెతో పోట్లాడని నెల నాకు గుర్తులేదు. అయినా ఆ కుట్టు ఊడి ఒక్క పిల్లవాడూ నా దగ్గరికి రాలేదు, అది కూడా చెప్పాలి గదా. ఆమె పక్క మిషను మీద ఆమె తోడికోడలు కూర్చునేది. చంటిపిల్లని మిషను పక్కనే ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, కాలితో మిషను తొక్కుతూ చేత్తో ఉయ్యాల ఊపేది.

అట్లా సాగిపోతుండగా మా కరస్పాండెంటు గారు, అంటే స్కూలు యజమాని, ఏదో విద్యాసంస్థల మీటింగని విదేశం వెళ్ళొచ్చినారు. ఏ దేశమో చెప్పను, ఆ దేశం నాకేమీ అపకారం చెయ్యలేదు. వస్తూ వస్తూ అక్కడి స్కూలు పిల్లల చొక్కా ఒకటి తెచ్చినారు. మీటింగు పెట్టి, దాన్ని గాజు పెట్టెలోనుంచి తీసినంత జాగ్రత్తగా తీసి టేబుల్ మీద పరిచినారు. అందరం వరసగా దాన్ని తాకినాం. మెత్తగా, నున్నగా, బాగానే ఉంది.

"వచ్చే ఏడాదినుంచి మన పిల్లలకి ఇదే" అన్నారు.

నాకు నోరు ఆగదు. "సార్, మన పక్కనే రాకెట్లు తయారవుతా ఉంటే చొక్కాలు సముద్రం దాటి రావాల్నా?" అన్నాను.

"రాకెట్టుకి కాలరుండదమ్మా" అన్నారాయన. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను, జీతం తీసుకునేదాన్ని గదా.

ఆ విదేశీ కంపెనీకి మద్రాసులో ఒక ఏజెంటు ఉన్నాడు. టై కట్టుకుని, సగం తెలుగు సగం అరవం మాట్లాడేవాడు. మంచివాడే, ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. "సైజుల గురించి కవలే, అదే దిగులు, పడొద్దు మేడమ్, పిల్లల వయసు చెప్తే చాలు" అన్నాడు. వయసులు చెప్పినాం. ఓడ దిగి పెట్టెలు వచ్చినాయి. తొమ్మిదేళ్ళ వయసుకి ఒకే సైజు. మా పులికాట్ పిల్లవాడు తొమ్మిదేళ్ళకి పొడుగ్గా, సన్నగా, గెడలాగా ఉంటాడు. మా పక్క పెసరట్ల మీద పెరిగిన పిల్లవాడు అదే తొమ్మిదేళ్ళకి గుండ్రంగా ఉంటాడు. ఇద్దరికీ అదే చొక్కా. ఒకడికి బొడ్డు కనిపిస్తుంది, ఒకడికి భుజాలు జారతాయి. పైగా మన ఎండలకి ఆ గుడ్డలో గాలాడదు. మధ్యాహ్నం పీరియడ్లో పిల్లలు వడదెబ్బ తగిలిన కోడిపిల్లల్లా తలలు వాల్చేసేవాళ్ళు. రంగు మాత్రం పోలేదు. ఆ ఒక్క మాట ఒప్పుకోవాల.

ఇదంతా మాకు జరిగిన కథ. సందులో జరిగింది వేరు. స్కూలు పని పోయేసరికి ఆ కుట్టు గదిలో సగం మిషన్లకి గోనెపట్టాలు కప్పేసినారు. తడ దాటితే ఫ్యాక్టరీలు, కంపెనీలు ఉన్నాయి, అక్కడికి తెల్లారకముందే ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయే బస్సు ఉంది. తోడికోడలు ఆ బస్సెక్కింది. చంటిపిల్లని పెద్దామె దగ్గర వదిలేసి పోయి, దీపాలు పెట్టినాక ఎప్పుడో వచ్చేది. ఒకరోజు నేను ఆ సందులో పోతూ ఉంటే పెద్దామె పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఇది నన్ను అమ్మా అంటా ఉందక్కా. దాని తల్లి ముందరే. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీడంలా" అన్నది. ఎప్పుడూ నాతో పోట్లాడే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడేసరికి, మీ కాజాలు వంకరగా ఉండేవిలే అనేసి వచ్చేసినాను. ఆమె తిట్టలేదు. అప్పుడు నిజంగా బాధేసింది.

ఇక ఆ విదేశీ బట్టల సంగతి. పిల్లలు పెరుగుతారని ఆ కంపెనీకి ఎవరూ చెప్పినట్టు లేదు. చలికాలం వచ్చేసరికి ప్యాంట్లు పిక్కల మీదికి ఎక్కినాయి. మన తల్లులు ఏం చేస్తారు? మడత విప్పి కిందికి దించుదామని చూసినారు. లోపల మడత లేదు. గుడ్డని అంచుదాకా తెగ్గోసి మిషను కుట్టేసినారు, పొదుపు గలవాళ్ళు. అయితే మనవాళ్ళూ తక్కువ తినలేదు. గౌన్ల కింద పాత చీరల అంచులు కుట్టి పంపడం మొదలుపెట్టినారు. ఒక సోమవారం పొద్దున ప్రేయర్లో కరస్పాండెంటు గారు నిలబడి చూస్తే, విదేశీ యూనిఫారానికి ఒక పిల్లకి చిలకపచ్చ జరీ అంచు, ఒక పిల్లకి నెమలికంఠం అంచు, ఒకడి ప్యాంటుకి లుంగీ గళ్ళు. ఆయన మొహం చూడాల్సింది. మా డ్రిల్ సారు బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు, యూనిఫారమంటే ప్రాణం ఆయనకి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ సోమవారమే కరస్పాండెంటు గారు నన్ను పిలిచినారు. "ఏమ్మా, మీ సందువాళ్ళకి ఒక్క ఏడాది ఇచ్చి చూద్దాం. స్కూలు తెరిచేరోజు ఫంక్షను పెడదాం, తల్లిదండ్రులందరూ వస్తారు, ఏజెంటునీ రమ్మంటా. అందరి ముందర చూస్తాను. బాగుంటే సరే. ఎక్కడన్నా తేడా వచ్చిందో, మళ్ళా ఆ కంపెనీకే. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు" అన్నారు.

ఎత్తను సార్ అన్నాను. వెంటనే సందుకి పోయి పెద్దామెకి చెప్పినాను. ఆమె గోనెపట్టా లాగి అవతల పారేసి, "ఒక్కటి తేడా వచ్చినా నా పేరు మార్చుకుంటా అక్కా" అన్నది. తోడికోడలు మాత్రం తడ కంపెనీ మానలేదు. "ఒక్క ఏడాది మాట నమ్మి ఉన్నది వదులుకోలేనక్కా. ఖాయమైతే ఆ రోజే వచ్చి కూర్చుంటా" అన్నది. ఆమెని తప్పుపట్టలేం.

ఇప్పుడు కొలతలు. ముందే తీస్తే స్కూలు తెరిచేలోపు పిల్లలు పెరిగిపోతారు. ఇన్ని ఊళ్ళ పిల్లల్ని ఎండాకాలం సెలవుల్లో పిలిపించి టేపు పెట్టి కొలవడం అయ్యే పని కాదు. అందుకని మనవాళ్ళకి అలవాటైన పద్ధతే పెట్టినాం. ఒక్కో ఇంటినుంచీ పిల్లకి సరిపోయే చొక్కా, ప్యాంటో గౌనో పంపమన్నాం, పేరు చీటీ గుచ్చి. ఆది చొక్కా అంటారు గదా, కొలతకి దర్జీకిచ్చేది, అది. దాన్ని చూసి కుట్టి, రెండూ కలిపి తిరిగిచ్చేస్తాం.

బస్సు డ్రైవర్లు మూటలు మూటలు తెచ్చి నా స్టోర్సులో పోసినారు. నేనూ పెద్దామే డ్రిల్ సారూ కూర్చుని విప్పినాం. మొదటి చీటీ, రెండో తరగతి పాప. గౌను ఎత్తి చూస్తే నా నడుం చుట్టూ వస్తుంది. అది అక్కది, పెద్ద అక్కది. తర్వాతది ఒక అబ్బాయి చొక్కా. జేబుకి పై తరగతి బ్యాడ్జి పిన్ను ఇంకా అట్లాగే ఉంది, వాళ్ళ అన్నది, పీకడం మర్చిపోయినారు. ఇంకొకటి ఎత్తితే జేబులో బీడీకట్ట కాయితం. "ఇది వాళ్ళ నాయనదబ్బా!" అన్నాడు డ్రిల్ సారు. పగలబడి నవ్వినాం. ఒక్క ఇల్లు గాదు, ఒక్క ఊరు గాదు. చేపల ఊళ్ళూ అంతే, వరి ఊళ్ళూ అంతే. వాళ్ళూ వీళ్ళూ మాట్లాడుకోకుండానే అందరూ ఒకే మాట మీద నిలబడినారు. చొక్కా కుట్టిస్తే మూడేళ్ళు రావాల.

"ఇవి ఉన్నట్టే కుడితే ఫంక్షను రోజు పిల్లలు దుప్పట్లు కప్పుకున్నట్టు వస్తారు. ఆ ఏజెంటు నవ్వుకుంటాడు" అన్నాను.

"ఉన్నట్టు ఎవురు కుడతారక్కా? నాకు పిల్లల్లేరా, నేను అబద్ధం సైజు పంపలేదా? అందరికీ తగ్గించేస్తా. బయటికి సరిగ్గా కనపడతాది. తగ్గించిన గుడ్డ తెగ్గోయను, లోపలే మడిచి పెట్టేస్తా. కావాల్సినప్పుడు విప్పుకుంటారు" అన్నది పెద్దామె.

మా ముగ్గురికీ అది బ్రహ్మాండంగా తోచింది. డ్రిల్ సారైతే చప్పట్లు కొట్టినాడు. మరీ నాయన చొక్కాలు పంపినవాళ్ళకి, ఆ పిల్లల్ని మేము ఎరిగినంతలో సర్దినాం, మిగతా అందరికీ ఒకే లెక్కన తగ్గించినాం. అబద్ధాలన్నిటినీ ఒకేసారి నిజం చేసేసినామని సంబరపడిపోయినాం. మాకు తట్టంది ఒక్కటే. నెల్లూరు జిల్లాలో నిజం సైజు పంపే ఇల్లు కూడా ఒకటి ఉంటుందని.

ఆ ఇల్లు కరస్పాండెంటు గారిదే. ఆయన మనవడు మా స్కూల్లోనే ఐదో తరగతి. ఆ ఇంటి కోడలు పట్నంలో చదువుకున్న పిల్ల. సైజు అంటే సైజే అనుకునే రకం. మనవడు ఆరోజు వేసుకుని విడిచిన చొక్కానే ఉతికించి, ఇస్త్రీ చేయించి, మంచి సంచిలో పెట్టి కారు డ్రైవరు చేత పంపింది. అన్ని మూటల్లో ఇస్త్రీ మడత ఉన్నది అదొక్కటే. అప్పుడైనా అనుమానం రావద్దూ? "పెద్దింటి బట్ట, ఎంత శుభ్రంగా ఉందో" అని మెచ్చుకుని, దాన్నీ కుప్పలో పడేసినాం. దాన్నీ తగ్గించి కుట్టినారు.

ఫంక్షనుకి ముందురోజు పిల్లలందరికీ బట్టలు పంచినాం. తెల్లారి గ్రౌండులో షామియానా కింద వరసలు కట్టి నిలబడితే, నేను ఎన్నో ఏళ్ళు ఆ స్కూల్లో ఉన్నానుగానీ అట్లాంటి వరసలు ఎన్నడూ చూళ్ళేదు. ఒక్కొక్కరికీ ఒంటికి పోసినట్టు ఉంది. తల్లులు పిల్లల్ని చూసి తెల్లబోయినారు. ఒకామె నా చెవి దగ్గరికొచ్చి, "మేడమ్, నేను పంపింది ఇది గాదే" అని గొణిగింది. "నాకు తెలుసులేమ్మా, లోపల మడత ఉంది, చూసుకో" అన్నాను. గౌను కింద చెయ్యిపెట్టి మడత తడిమి చూసుకుని, మొహం చేటంత చేసుకుని పోయింది. ఏజెంటు ముందు వరసలో ఒళ్ళో సూట్‌కేసు పెట్టుకుని కూర్చున్నాడు. సందు ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వెనక నిలబడినారు. ఆరోజు కంపెనీకి సెలవు పెట్టి తోడికోడలు కూడా వచ్చింది, చంటిపిల్లని ఎత్తుకుని.

స్వాగతం చెప్పడానికి కరస్పాండెంటు గారి మనవడిని స్టేజీ ఎక్కించినారు. ఎక్కుతున్నప్పుడే నేను చూసినాను. పిల్లవాడు బొద్దుగా ఉంటాడు. చొక్కా గుండీల మధ్య కళ్ళు తెరిచి చూస్తోంది. తర్వాత తెలిసింది, పొద్దున వాళ్ళమ్మ తొడిగేటప్పుడు బిగుతుగా ఉందని అనుకుందంట, ఇప్పటి ఫ్యాషను ఇదే కాబోలని సరిపెట్టుకుందంట. పిల్లవాడు మైకు ముందు నిలబడి, "సభకు విచ్చేసిన పెద్దలందరికీ" అని రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టినాడు. చర్రుమన్నది. చంక కింద కుట్టు నడుందాకా విడిపోయింది. పై గుండీ ఎగిరి ముందు వరసలో ఏజెంటు కాళ్ళ దగ్గర పడింది. ఆయన వంగి, దాన్ని తీసి, తుడిచి, మర్యాదగా స్టేజీ అంచున పెట్టినాడు. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండిపోయింది.

పిల్లలు నవ్వడం మొదలుపెట్టినారు. మనవడు ఏడుపు. కరస్పాండెంటు గారు స్టేజీ మీదే లేచి నిలబడి, ముందర మైకు ఉందన్న సంగతి మరిచిపోయి, "గుడ్డంతా ఏం చేసినారమ్మా? మింగేసినారా? నా మనవడి చొక్కాలోనే మింగినారంటే ఇంకెంతమందివి మింగినారు?" అని అరిచినారు. గ్రౌండంతా వినిపించింది. రోడ్డు మీద టీకొట్టు దాకా వినిపించింది.

కుట్టుపని చేసేవాళ్ళని అనకూడని మాట అది. గుడ్డ మింగినారంటే దొంగలన్నట్టే. వెనక్కి తిరిగి చూస్తే తోడికోడలు పిల్లని గట్టిగా పట్టుకుని గేటు వైపు నడుస్తోంది. ఇంక ఇక్కడ ఏమీ లేదని తేల్చేసుకుంది. ఆమె నడక చూసి నాకు ఏడుపొచ్చేసింది.

పెద్దామె మాత్రం చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, జనాన్ని తోసుకుంటూ, మెట్లు కూడా ఎక్కకుండా పక్కనుంచి స్టేజీ మీదికి ఎక్కేసింది. ఏడుస్తున్న పిల్లవాడి చొక్కా ఊడదీసి, లోపలిది బయటికి తిప్పి, ఆయన మొహం ముందర పట్టింది.

"చూసుకోండి సార్. మీ గుడ్డ యాడికీ పోలా. మీ చొక్కాలోనే ఉండాది."

కుట్టు విడిపోయిన చోట లోపల మడిచిన గుడ్డ వేలాడుతోంది. ఆమె దాన్ని పైకి లాగింది. "ఇక్కడుండాది, ఇదిగో ఈ పక్కా ఉండాది. నేను మింగినానా సార్? మీరే కొలుచుకోండి."

"మరి ఎందుకు చిన్నది కుట్టినావు?" అన్నారాయన, కాస్త తగ్గి.

ఆమె నా వైపు చూసింది. నేను డ్రిల్ సారు వైపు చూసినాను. ఆయన పైకి చూసినాడు, ఆ రోజు రాకెట్ ఏమీ లేదు. ఇక తప్పదని నేనే స్టేజీ ఎక్కి చెప్పినాను. "సార్, అందరూ పెద్ద సైజులు పంపినారు. నాయనల చొక్కాలు, అక్కల గౌన్లు పంపినారు. అందుకని అందరికీ తగ్గించి కుట్టినాం." మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ముందు వరసల్లో ఉన్న తల్లులందరూ ఒక్కసారిగా షామియానా గుంజల వైపు చూడటం మొదలుపెట్టినారు. ఒకాయన తన చెప్పులు సరిచేసుకున్నాడు.

ఆ ఇంటి కోడలు లేచి నిలబడింది. "నేను సరైనదే పంపినాను మామయ్యా" అన్నది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే.

"అదేనమ్మా పొరపాటు" అన్నది పెద్దామె.

గ్రౌండు గొల్లుమన్నది. తల్లులూ నవ్వినారు, వాళ్ళ గుట్టు బయటపడిందన్న సంగతి మర్చిపోయి. కరస్పాండెంటు గారు నవ్వలేదు. అయితే మీసం కింద ఏదో కదిలింది.

డ్రిల్ సారు అప్పటికి స్పృహలోకొచ్చి, పెద్ద పిల్లల చేత క్రాఫ్టు గదిలో ఉన్న పాత కుట్టుమిషను మోయించి తెచ్చి స్టేజీ పక్కన పెట్టించినాడు. మిగతా పిల్లల చేత మార్చ్‌పాస్టు మొదలుపెట్టించినాడు. లెఫ్ట్ రైట్ అని ఆయన అరుస్తుంటే, పెద్దామె పళ్ళతో దారం తెంపి, మడత విప్పి, చొక్కాని రెండు పక్కలా వదులు చేసి మళ్ళీ కుట్టింది. జనమంతా మార్చ్‌పాస్టు చూడటం మానేసి మిషను చుట్టూ మూగినారు. ఏజెంటు కూడా సూట్‌కేసు కుర్చీలో వదిలేసి వచ్చి నిలబడినాడు. గేటు దగ్గర తోడికోడలు ఆగిపోయింది. బయటికి పోలేదు, లోపలికీ రాలేదు.

మనవడు చొక్కా తొడుక్కుని, చేతులు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసుకున్నాడు. చిరగలేదు. మైకు ముందుకి పోయి, ఎక్కడ ఆపినాడో అక్కడ్నుంచి కాకుండా మళ్ళీ మొదట్నుంచి, "సభకు విచ్చేసిన పెద్దలందరికీ" అని గొంతు చించుకుని చెప్పినాడు. ఆరోజు వాడికి పడినన్ని చప్పట్లు వాళ్ళ తాతకి కూడా ఎన్నడూ పడలేదు.

కరస్పాండెంటు గారు ఏజెంటు వైపు తిరిగినారు. "మీ చొక్కాకి ఇట్లా చెయ్యొచ్చా?"

"తేవైల్లే సార్, ఇట్లా కష్టపడే అవసరమే లేదు. మెయిలు పెడితే కొత్తది పంపిస్తారు" అన్నాడు ఏజెంటు.

"ఎప్పటికి?"

ఏజెంటు మంచివాడని ముందే చెప్పినాను గదా, అబద్ధమాడలేడు. కొంచెం ఆలోచించి, "ఓడ వచ్చినప్పుడు సార్" అన్నాడు.

ఇక కరస్పాండెంటు గారు, తన వంతు వచ్చినప్పుడు, పిల్లల బట్టలు మన ఊళ్ళోనే కుట్టించాలన్నది మొదట్నుంచీ తన ఆశయమని చాలాసేపు మాట్లాడినారు. మేమందరం తలలూపినాం. గుడ్డ మింగినారన్న మాటకి మాత్రం ఏమీ అనలేదు. పెద్దామె ఆ మాట కోసమే చివరిదాకా ఎదురుచూసిందని నాకు తెలుసు. దిగేటప్పుడు ఆమె పక్కన ఆగి, "వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. అంతే. ఖాయమని అనలేదు. తోడికోడలు మర్నాడు తెల్లారకముందే మళ్ళీ కంపెనీ బస్సెక్కింది.

ఆ ఏడాదంతా నేను కరస్పాండెంటు గారి మొహం చదవాలని చూసినాను. ఏమీ తెలియలేదు. ఏజెంటు మధ్యలో రెండుసార్లు వచ్చి పోయినాడు, కొత్త శాంపిళ్ళు తెచ్చి ఇచ్చినాడు. కరస్పాండెంటు గారు వాటిని బీరువాలో పెట్టుకున్నారు. ఖాయం చేస్తారో, విదేశీ కంపెనీకే ఇస్తారో, అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. సందులో పెద్దామె కూడా నాతో పోట్లాడటం తగ్గించేసింది. అది నాకు ఇంకా భయంగా ఉండేది.

సెలవులు వచ్చినాయి. పోయిన ఏడాదిలాగే ఆది బట్టలు పంపమని చెప్పినాం. "ఎవరికి కుట్టిస్తారో తేలకముందే ఎందుకు మేడమ్" అన్నారు ఆఫీసులో. చూద్దాంలే అన్నాను. మూటలు మళ్ళీ వచ్చి పడినాయి. ఈసారి తల్లులు ఇంకా తెలివి మీరినారు. తగ్గిస్తారని తెలిసింది గదా, ఇంకా పెద్దవి పంపినారు. నేనూ పెద్దామే కూర్చుని ఒక్కొక్కటీ విప్పుతున్నాం. అప్పుడు కారు డ్రైవరు ఒక సంచి తెచ్చి ఇచ్చినాడు. ఇస్త్రీ మడత. చీటీ మీద మనవడి పేరు, కోడలి చేతిరాత గాదు. వాళ్ళ తాత రాత.

చొక్కా విప్పి పైకి పట్టుకున్నాను. తెల్లది, పొడుగు చేతులది, జేబు పైన ఇంకు మరక. ఆ మరక నాకు బాగా తెలుసు. మీటింగుల్లో ఆయన పెన్నుకి మూత పెట్టడం మర్చిపోతారు. మనవడు ఎంత బొద్దైనా మోకాళ్ళ కిందికి వస్తుంది. ఆయన తన చొక్కానే పంపినారు.

నాకు నవ్వు ఆగలేదు. "ఏందమ్మాయ్, దీన్ని ఎంతకని తగ్గిస్తావు?" అన్నాను.

పెద్దామె నవ్వలేదు. చొక్కా నా చేతిలోనుంచి తీసుకుని ఒళ్ళో పరుచుకుని, ఆ మరక మీద చెయ్యి పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

"గుడ్డ మింగేవాళ్ళకి ఇంత చొక్కా ఎవురన్నా ఇస్తారా అక్కా?" అన్నది. "మూడేళ్ళకి సరిపడా పంపినాడు. అంటే మూడేళ్ళూ మనమే."

చీర కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఆఫీసులో ఖాయం చేస్తూ కాయితం వచ్చింది ఆ తర్వాత ఎప్పుడో. ఆమె దానికోసం ఆగలేదు.

మర్నాడు పొద్దున ఆది మూటలు ఇచ్చిపోదామని నేను సందులోకి పెందలాడే పోయినాను. గదిలో దీపం వెలుగుతోంది. తోడికోడలు మిషను ముందర కూర్చుని ఉంది, ఒక కాలు మిషను మీద, ఒక చెయ్యి ఉయ్యాల మీద. ఆ పిల్లకి ఉయ్యాల ఇప్పుడు చిన్నదైపోయింది, కాళ్ళు బయటికొచ్చేసినాయి, అయినా దిగనంటోంది. సందు మొదట్లో కంపెనీ బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ కొట్టింది.

పెద్దామె గుమ్మంలోకొచ్చి, రోడ్డంతా వినపడేటట్టు అరిచింది.

"పోబ్బా పో! ఈడెవురూ లేరు!"